వేళ్లు లెక్కపెడితే చెయ్యి కనబడదు

సంపాదకులకు,

నమస్కారం. కంప్యూటరు ప్రోగ్రాములు తయారుచేస్తున్న బొమ్మల గురించి పత్రికల్లోనూ టీవీల్లోనూ చర్చ వచ్చినప్పుడల్లా ఒక సలహా తప్పకుండా వినబడుతోంది. బొమ్మలో చేతులు చూడండి, వేళ్లు లెక్కపెట్టండి, అయిదుకు ఎక్కువో తక్కువో ఉంటే అది యంత్రం పనేనని తెలుసుకోండి అని. మోసాన్ని పట్టుకోవడానికి ఈ సలహా కొంతకాలం పనికొచ్చింది. కొత్తగా వస్తున్న ప్రోగ్రాములు వేళ్ల లెక్కను చాలావరకు సరిచేసుకున్నాయి కాబట్టి ఆ ప్రయోజనం కూడా ఇప్పుడు తగ్గిపోతోంది. నేను రాస్తున్నది మాత్రం ఆ సలహా మన చూపుకు చేసిన నష్టం గురించి. బొమ్మలో చెయ్యి కుదిరిందా లేదా అన్న ప్రశ్న కాస్తా వేళ్లు అయిదున్నాయా లేవా అన్నంత ఇరుకైపోయింది. లెక్క సరిపోతే చాలునని పెద్దలూ పిల్లలూ నమ్మడం మొదలుపెట్టారు. బొమ్మలు గీయడం నేర్పడమే వృత్తిగా ఉన్న నాకు ఇది చూస్తూ ఊరుకోదగిన విషయంగా కనిపించడం లేదు.

ముందుగా మనుషుల సంగతి చెప్పాలి. పుట్టుకతోనే ఒక చేతికి ఆరు వేళ్లున్నవాళ్లు ఉన్నారు. యంత్రాల్లోనో ప్రమాదాల్లోనో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, జబ్బు వల్ల వేళ్లు వంకర్లు పోయినవాళ్లు ఉన్నారు. వాళ్ల ఫొటోలనూ, వాళ్లను చూసి ఎంతో శ్రద్ధగా గీసిన చిత్రాలనూ ఈ లెక్క నకిలీలుగా తేల్చేస్తుంది. ఒక మనిషి చెయ్యి ఉన్నదున్నట్టుగా గీసిన చిత్రకారుణ్ని తప్పు గీశావని నిలదీసే పరిస్థితి రాకూడదు.

వేళ్ల సంఖ్యకూ బొమ్మలోని ప్రాణానికీ సంబంధం ఎంత తక్కువో చిత్రకళ చరిత్రంతా కనబడుతూనే ఉంది. కార్టూన్ సినిమాల్లో ఎన్నో పాత్రలకు దశాబ్దాలుగా చేతికి నాలుగు వేళ్లే ఉంటున్నాయి. వేలకొద్దీ బొమ్మలు చేత్తో గీయవలసిన రోజుల్లో ఒక వేలు తగ్గితే ఆ మేరకు శ్రమ తగ్గేది. అయినా ఆ పాత్ర చెయ్యి ఊపి పిలిచినా, వేలు చూపి బెదిరించినా చూసేవాళ్లకు ఏ లోటూ తోచదు. చోళుల కాలపు కంచు నటరాజ విగ్రహాలకు నాలుగు చేతులుంటాయి. ఒకదానిలో డమరుకం, ఒకదానిలో అగ్ని, ఒకటి అభయమిస్తూ, నాలుగోది దేహానికి అడ్డంగా వాలి ఎత్తిన పాదాన్ని చూపిస్తూ ఉంటుంది. మనిషికి నాలుగు చేతులుండవని తెలిసి కూడా ఆ విగ్రహం ముందు మనకు ఎబ్బెట్టుగా అనిపించదు. అదనపు చేతులు భుజాల్లోంచే పుట్టినట్టు, ఆ భుజాలు నడుము తిరిగిన తీరుకు లోబడినట్టు శిల్పి మలిచాడు కాబట్టే వాటిని మన కన్ను ఒప్పుకుంటుంది.

మానవజాతి వేసిన అతి పాత బొమ్మల్లో చేతి ముద్రలున్నాయి. ఇండోనేషియాలోని సులవేసి దీవి గుహల్లో ఒక చేతి ముద్ర వయసు కనీసం 39,900 ఏళ్లని 2014లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. చెయ్యి గోడకు ఆనించి, చుట్టూ రంగు ఊది, చెయ్యి తీసేస్తే మిగిలే ఖాళీ ఆకారాలివి. ఫ్రాన్స్‌లోని గర్గాస్ గుహలో ఇలాంటి ముద్రలు చాలావాటిలో వేళ్లు సగం సగమే ఉన్నాయి. అవి చలికి పోయిన వేళ్లా, కావాలని కోసుకున్నవా, ఏదో సంకేతంగా మడిచినవా అన్నది ఇంకా తేలలేదు. అర్జెంటీనాలోని ‘చేతుల గుహ’గా పేరుపడ్డ చోట కనిపించేవి ఎక్కువగా ఎడమ చేతులు. రంగు ఊదే గొట్టాన్ని కుడిచేత్తో పట్టుకుని ఉంటారని పరిశోధకుల ఊహ. గోడ మీద లేని ఆ కుడిచెయ్యి కూడా, ఊపిరి బిగబట్టిన ఆ దేహం కూడా ఎడమచేతి ముద్రను జాగ్రత్తగా చూసినవాళ్లకు తెలిసిపోతున్నాయి. చెయ్యి తన వెనకున్న మనిషిని పట్టి ఇవ్వడమంటే ఇదే. బొమ్మలో చేతిని పరీక్షించాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఇక చెయ్యి ఎలా పనిచేస్తుందో కొంచెం వివరించనివ్వండి. ఒక చేతిలో 27 ఎముకలుంటాయి. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. వేళ్లను ఆడించే కండరాలు మాత్రం వేళ్లలో ఉండవు. కొన్ని అరచేతిలో ఉంటే, బలమైనవి ముంజేతిలో ఉండి, అక్కడి నుంచి కండరాన్ని ఎముకకు కలిపే సన్నని తాళ్లలాంటి స్నాయువుల ద్వారా వేళ్లను లాగుతాయి. కుడిచేత్తో ఎడమ ముంజేతిని పట్టుకుని, ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే మడిచి చూస్తే చర్మం కింద ఆ కదలిక తెలుస్తుంది. పాతికేళ్లు దాటీ దాటని వయసులో డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1632లో వేసిన డాక్టర్ టుల్ప్ శరీరశాస్త్ర పాఠం చిత్రంలో ఉన్న విషయం ఇదే. డాక్టరు కుడిచేత్తో పట్టకారు పట్టుకుని శవం ముంజేతిలోని కండరాలను పైకి లాగి చూపిస్తున్నాడు. అదే సమయంలో తన ఎడమచెయ్యి పైకెత్తి, ఆ కండరాలు వేళ్లను ఎలా వంచుతాయో ఆడించి చూపిస్తున్నాడని ఎక్కువమంది వివరిస్తారు. చనిపోయిన చెయ్యీ బతికున్న చెయ్యీ ఒకే చిత్రంలో ఒకే పాఠం చెబుతున్నాయి. మణికట్టు దగ్గర చేతిని తెగ్గొట్టినట్టు గీసే అలవాటున్న విద్యార్థులకు నేను ముందుగా చూపించే చిత్రం అదే.

నిర్మాణం తెలిసినంత మాత్రాన చెయ్యి గీయడం రాదు, కళ్లతో చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది. చేతిని పైవైపు నుంచి చూస్తే వేళ్లు మెటికల దగ్గర మొదలవుతాయి. అరచెయ్యి వైపు తిప్పితే అవే వేళ్లు పొట్టిగా కనిపిస్తాయి, ఎందుకంటే అటువైపు అరచేతి కండ మొదటి ఎముకలో దాదాపు సగం దాకా పాకి ఉంటుంది. మెటికలు నాలుగూ ఒకే వరసలో ఉండవు, వంపు తిరిగి చిటికెనవేలి వైపు కిందికి జారతాయి. నాలుగు వేళ్ల గోళ్లూ ఒకవైపు చూస్తుంటే బొటనవేలి గోరు పక్కకు తిరిగి ఉంటుంది. వేళ్లను ఒక్కొక్కటిగా మడిచినప్పుడు అవి సమాంతరంగా మడుచుకోవు, బొటనవేలి మొదలుకేసి ఒకే చోటికి మొగ్గుతాయి. ఇక ఒక గ్లాసు పట్టుకుంటే మరో లోకం మొదలవుతుంది. వేలికొసల కండ గాజుకు అదుముకుని చదునవుతుంది, ఒత్తిడికి గోటి కింద రంగు తెల్లబడుతుంది, బరువు మోస్తున్న వేలొకటి గట్టిపడితే కేవలం ఆనుకుని ఉన్న చిటికెనవేలు వదులుగా ఉంటుంది. గ్లాసు ఖాళీగా ఉందా నిండుగా ఉందా అన్నది కూడా మణికట్టు చెప్పేస్తుంది. ఏ వేలు మోస్తోంది, ఏ వేలు ఊరకే తోడుందన్నది గీయగలిగినవాణ్ని చెయ్యి తిరిగిన చిత్రకారుడని ధైర్యంగా అనవచ్చు.

యంత్రం తడబడేది సరిగ్గా ఇక్కడే. అది నేర్చుకునేది కోట్ల ఫొటోల నుంచి. వాటిలో ముఖం పెద్దగా, ఎదురుగా, ఇంచుమించు ఒకే అమరికలో దొరుకుతుంది. చెయ్యి చిన్నగా, సగం ఏ వస్తువు వెనకో దాగి, ప్రతిసారీ కొత్త భంగిమలో ఉంటుంది. ఫొటో కింద రాసిన మాటల్లో ఏ వేలు ఎలా వంగిందో ఎవరూ రాయరు. అందుకని అది చేతుల రూపురేఖల్ని ఒడిసిపడుతుంది గానీ ఆ రూపం వెనకున్న కీలునూ బరువునూ ఎరగదు. ఎన్నో బొమ్మల్లో అయిదు వేళ్లూ చక్కగా ఉండి కూడా చెయ్యి గ్లాసును పట్టుకోదు, గ్లాసు పక్కన తేలుతూ ఉంటుంది. మనిషి గీసిన చెయ్యి పొరపాటుగా ఉన్నప్పుడు కూడా తరచుగా బరువు తెలిసిన పొరపాటే అయి ఉంటుంది. పాఠకులకు సలహా ఇవ్వదలచుకుంటే ఈ పరీక్ష చెప్పండి. ఈ చెయ్యి పట్టుకున్నదాన్ని నిజంగా పట్టుకుందా? దీని వెనక ముంజేయి, మోచెయ్యి, భుజం పనిచేస్తున్నాయా?

చూసి నేర్చుకోవడం ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1508లో గీసిన ప్రార్థించే చేతుల కంటే మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు. నీలిరంగు పూసిన కాగితం మీద కుంచెతో, తెల్లరంగుతో వెలుగులు దిద్ది వేసిన ఆ బొమ్మ ఒక పెద్ద చర్చి చిత్రం కోసం చేసుకున్న అభ్యాసం మాత్రమే. ఆ పెద్ద చిత్రంలోని ప్రధాన భాగం 1729లో మంటల్లో కాలిపోయింది. అభ్యాసం మిగిలి ఇప్పుడు వియన్నాలోని అల్బర్టినా మ్యూజియంలో ఉంది. ముఖం లేదు, దేహం లేదు, మడిచిన అంగీ చేతుల చివరలు మాత్రం ఉన్నాయి. వేళ్లు గట్టిగా అదుముకోకుండా తేలిగ్గా తాకుతున్నాయి, పైకి తేలిన నరాలు వయసును చెబుతున్నాయి. అదే చిత్రం కోసం డ్యూరర్ మోకరిల్లిన మనిషి పాదాలను కూడా విడిగా గీసుకున్నాడని చాలామందికి తెలియదు. ముఖంతో పని కానిచ్చేసి మిగతా దేహాన్ని బట్టలతో కప్పేసే ఆలోచన ఆయనకు లేదు.

శరీరాన్ని ఉన్నదున్నట్టు కొలతలతో దించాలని నేనడం లేదు. ఫ్రెంచి చిత్రకారుడు ఇంగ్ర్ 1814లో వేసిన, వీపు తిప్పి పడుకున్న స్త్రీ చిత్రాన్ని చూసి వెన్నెముకలో ఎముకలు ఎక్కువున్నాయని విమర్శకులు తప్పుపట్టారు. లెక్క ప్రకారం వాళ్ల మాట నిజం. ఆ పొడవాటి వీపు రేఖ కోసమే చిత్రకారుడు దేహాన్ని సాగదీశాడన్నది అంతకంటే ముఖ్యమైన నిజం. మన శిల్పశాస్త్రాలు కూడా తాళమానమనే ఆదర్శ కొలతలను పెట్టుకున్నాయి. నుదుటి జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా ముఖం ఎంతో, మణికట్టు నుంచి మధ్యవేలి కొస దాకా చెయ్యి అంత, ఆ రెండూ ఒక తాళం. అద్దం ముందు నిలబడి ముఖాన్ని చేత్తో కప్పుకుని చూస్తే ఈ కొలత ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది. ముఖంతో సమానమైన కొలత ఇచ్చి చేతిని గౌరవించిన ఆ శాస్త్రాలను చదివాక, ముఖం మీద గంటలు గడిపి చేతుల్ని చివర్లో నాలుగు గీతలతో ముగించేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

చెయ్యి మనిషి బతుకును కూడా చెబుతుంది. డచ్చి చిత్రకారుడు వాన్ గో 1885లో బంగాళాదుంపలు తింటున్న రైతు కుటుంబాన్ని చిత్రించినప్పుడు, పళ్లెంలో పెడుతున్న ఆ చేతులతోనే వాళ్లు నేలను తవ్వారన్నది చూసేవాళ్లకు తెలియాలనుకున్నానని తమ్ముడికి ఉత్తరంలో రాశాడు. ఆ చేతులు మొరటుగా, కణుపులు తేలి, అందానికి దూరంగా ఉంటాయి. వాటిని నునుపుగా దిద్ది ఉంటే చిత్రం అబద్ధమయ్యేది. ఈ రోజు మనకు అలవాటవుతున్న బొమ్మల్లో చేతులన్నీ ఒకే వయసులో, ఒకే నునుపుతో ఉంటున్నాయి. కాయలు కాచిన చేతులు, ముడతలు పడిన చేతులు, గోళ్లలో మట్టి ఉన్న చేతులు బొమ్మల్లోంచి వెళ్లిపోతుంటే వేళ్ల లెక్క సరిగ్గా ఉందని సంతోషించలేం.

బోధన విషయానికి వస్తే, పిల్లలు చేతులకు భయపడేలా చేస్తున్నది మనమే. పసివాళ్లు గుండ్రటి అరచేతి చుట్టూ తోచినన్ని గీతలు గీసి అదే చెయ్యి అంటారు, అందులో వాళ్లకు ఏ సంకోచమూ ఉండదు. కొంచెం పెద్దయ్యాక మనం వేళ్లు లెక్కపెట్టి నవ్వుతాం. అక్కడి నుంచి వాళ్లు మనుషుల్ని చేతులు వెనక్కి కట్టుకున్నట్టో, జేబుల్లో పెట్టుకున్నట్టో, ఏ పూలగుత్తి వెనకో దాచినట్టో గీయడం మొదలవుతుంది. పోటీల్లో అలాంటి బొమ్మలకు శుభ్రంగా ఉన్నాయని బహుమతులు కూడా వస్తాయి. తడబడుతూ అయినా చేతిని ఎదుర్కొన్న పిల్లకు ఆ బహుమతి ఇవ్వాలని నేను గట్టిగా కోరుతున్నాను.

పూర్తి దేహాన్ని చూసి గీసే అవకాశం చరిత్రలో అందరికీ దొరకలేదన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. లండన్‌లోని చిత్రకళా సంస్థ రాయల్ అకాడమీ 1768లో ఏర్పడినప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో ఇద్దరు స్త్రీలున్నారు. కానీ అకాడమీ సభ్యులు నగ్న మోడల్ చుట్టూ చేరినట్టు జోఫనీ అనే చిత్రకారుడు వేసిన చిత్రంలో ఆ ఇద్దరూ గోడకు వేలాడే పటాలుగానే కనిపిస్తారు. అమెరికాలో థామస్ ఈకిన్స్ అనే చిత్రకళా ఉపాధ్యాయుడు స్త్రీలున్న తరగతిలో పురుష మోడల్ నడుముకున్న గుడ్డ తీసేశాడన్న వివాదంలో 1886లో ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. దేహాన్ని చూడటం చుట్టూ ఉన్న బిడియాలు, నిషేధాలు ఈ రోజుకూ పూర్తిగా పోలేదు, కొన్నింటికి కారణాలూ లేకపోలేదు. చేతికి మాత్రం ఏ అడ్డంకీ లేదు. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, పైసా ఖర్చు లేకుండా, కాగితం పక్కనే కదలకుండా కూర్చునే మోడల్ ప్రతి విద్యార్థికీ ఉంది. కుడిచేత్తో గీసేవాళ్లకు ఎడమచెయ్యి, ఎడమచేత్తో గీసేవాళ్లకు కుడిచెయ్యి. అచ్చు బొమ్మలు చూసి దించడం మాన్పించి, వారానికి ఒక్క తరగతి సొంత చేతిని చూసి గీయిస్తే పిల్లల చూపులో వచ్చే మార్పు ఉపాధ్యాయులకు తొందర్లోనే కనబడుతుంది. వేళ్లను కాక వేళ్ల మధ్య ఖాళీల ఆకారాలను గీయమంటే వాళ్ల భయం సగం పోతుంది, ఎందుకంటే ఆ ఖాళీలు ఎలా ఉండాలన్న ముందస్తు అభిప్రాయం ఎవరికీ ఉండదు.

చివరగా పత్రికలకు సంబంధించిన ఒక విన్నపం ఉంది, ఈ ఉత్తరం మీకే రాయడానికి అది ముఖ్యకారణం. చిత్రకళ గురించి వార్తలు, వ్యాసాలు వేసేటప్పుడు చాలా పత్రికలు చిత్రంలోని ముఖాన్ని మాత్రం కత్తిరించి వేస్తున్నాయి, చేతులు గీత కిందికి పోతున్నాయి. దానికి ఎదురు తప్పు కూడా జరుగుతోంది. వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనాలయం పైకప్పు మీద మైఖెలాంజెలో వేసిన ఆదాము సృష్టి ఘట్టంలోంచి రెండు చేతుల్ని మాత్రమే విడదీసి ఎక్కడపడితే అక్కడ అచ్చువేస్తున్నారు. ఆ పైకప్పు పని 1508 నుంచి 1512 దాకా సాగింది. పూర్తి చిత్రంలో ఆదాము ముంజేయి పైకి లేచిన మోకాలి మీద ఆని ఉంటుంది, ఇంకా సొంత బలం రాని దేహానికి ఆ మోకాలే ఆసరా. అందుకే ఆ మణికట్టు వాలి ఉంది, చూపుడువేలు పూర్తిగా చాచుకోలేదు. ఎదురుగా వస్తున్న దేవుడి చెయ్యి భుజం దాకా బిగిసి, నిటారుగా ఉంది. మోకాలినీ భుజాన్నీ తీసేస్తే మిగిలేది దగ్గరికొచ్చిన రెండు వేళ్లే. 1599–1600 మధ్య ఇటలీ చిత్రకారుడు కారవాజియో వేసిన, క్రీస్తు మత్తయిని శిష్యుడిగా పిలిచే ‘మత్తయికి పిలుపు’ చిత్రంలో క్రీస్తు చాచిన చెయ్యి ఆ ఆదాము చేతినే గుర్తుకు తెస్తుంది. ముఖాలకే పరిమితం చేసి ఆ చిత్రాన్ని అచ్చువేస్తే పాఠకుడికి ఆ సంబంధం తెలిసే దారే ఉండదు. ఫ్రెంచి శిల్పి రోదాఁ 1908లో చెక్కిన రెండు చేతుల శిల్పాన్ని కూడా ఒకవైపు నుంచి తీసిన ఒక్క ఫొటోతో వేస్తే, అవి రెండూ కుడిచేతులేననీ, అంటే ఇద్దరు మనుషులవనీ చాలామంది గమనించలేరు.

కాబట్టి చిత్రాన్ని ఏ అంచూ కత్తిరించకుండా మొత్తంగా అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. చోటు చాలకపోతే సైజు తగ్గించి అయినా పూర్తిగానే వేయండి. ఏదైనా భాగాన్ని దగ్గరగా చూపించవలసి వస్తే పక్కనే చిన్నదిగా పూర్తి చిత్రం కూడా ఇచ్చి, అది ఎక్కడి భాగమో ఒక్క వాక్యంలో చెప్పండి. కథలకూ వ్యాసాలకూ బొమ్మలు చిత్రకారులతో గీయిస్తే వారి పేరు, యంత్రంతో చేయిస్తే ఆ సంగతి బొమ్మ కిందే అచ్చువేయండి.

భవదీయుడు,
ఒక చిత్రలేఖన ఉపాధ్యాయుడు